మెదడుకు తెలిసే తాకిడి, చర్మానికి తెలియని ఒత్తిడి: స్పర్శను తిరిగి తెచ్చే ఇంప్లాంట్లు ఎంతవరకు వచ్చాయి?

క్లుప్తంగా: వెన్నుపాము దెబ్బతిని స్పర్శ పోయినవారి మెదడులో కరెంటు పంపే సన్నని సూదులు (ఎలక్ట్రోడ్లు) అమర్చి, చేతిని ఏదో తాకుతున్నట్టు అనిపించేలా చేయడం సాధ్యమైంది. చాలా ప్రయోగాల్లో ఆ తాకిడిని పసిగట్టేది రోబో చేయి, రోగి సొంత చర్మం కాదు. వస్తువును పట్టుకునే పనికి ఇది బాగా ఉపయోగపడుతోంది. నునుపు, గరుకు, తడి సహజంగా తెలిసే స్థాయి ఇంకా దూరంలోనే ఉంది. మంచాన పడినవారికి పుండ్లు పడకుండా కాపాడే స్పర్శ మీద ఈ పరిశోధనలు ఇంకా పెద్దగా దృష్టి పెట్టలేదు.

నెల్లూరు, గూడూరు, తిరుపతి వైపు నుంచి వచ్చి చెన్నై సెంట్రల్‌లో దిగేవారిలో వైద్యం కోసం వచ్చినవారు ఏ రోజైనా కనిపిస్తారు. వెన్నుపాముకు దెబ్బ తగిలి వచ్చినవారిని వైద్యులు పరీక్షించేది చాలా మామూలు వస్తువులతో. ఒకటి దూది, రెండోది సూది. కళ్లు మూసుకోమని చెప్పి దూదితో నిమురుతారు, తెలుస్తోందా అని అడుగుతారు. సూదితో తాకించి, గుచ్చుకున్నట్టుందా మొద్దుగా ఉందా అంటారు. మెడ నుంచి కిందికి వస్తూ ఉంటే ఎక్కడో ఒకచోట జవాబులు ఆగిపోతాయి. ఆ గీత ఎక్కడ పడిందన్నదాన్ని బట్టి, సొంతంగా అన్నం తినగలరా, చక్రాల కుర్చీ తోసుకోగలరా అన్నది చాలావరకు తేలిపోతుంది.

ఆ గీతకు దిగువన పోయిన స్పర్శను మెదడులో చిప్ పెట్టి తిరిగి తెప్పించారన్న వార్తలు కొన్నేళ్లుగా పత్రికల్లోనూ వాట్సాప్‌లోనూ తిరుగుతున్నాయి. వాటిలో అబద్ధం లేదు. అయితే శీర్షికలో ఇమడని వివరాలు మూడున్నాయి. తిరిగొచ్చిన స్పర్శ ఏ చేతిది, ఎలాంటిది, ఏ జబ్బు ఉన్నవారికి? ఈ మూడూ తెలిస్తేనే ఆ వార్తకు అర్థం.

ఒకే మాట, రెండు జబ్బులు

కాళ్లూ చేతులూ పడిపోతే కారణం ఏదైనా తెలుగులో పక్షవాతం అనేస్తారు. నిజానికి పక్షం అంటే ఒక వైపు. మెదడులో రక్తనాళం పూడుకుపోయినా, చిట్లినా శరీరంలో ఒక వైపు పడిపోతుంది. ఆ మాట పుట్టింది దాని కోసమే. బైకు మీద నుంచి పడి మెడ ఎముక విరిగినవారిది, చెట్టు మీద నుంచి జారినవారిది, లోతు లేని నీటిలోకి తలకిందులుగా దూకినవారిది వేరే కథ. అక్కడ మెదడుకు ఏమీ కాదు. మెదడుకూ శరీరానికీ మధ్య ఉన్న దారి తెగిపోతుంది.

ఇప్పటిదాకా వార్తలకెక్కిన మెదడు స్పర్శ ప్రయోగాలు ప్రధానంగా ఈ రెండో రకం వారి మీద జరిగినవే. తెగిన దారిని పక్కన పెట్టి, నేరుగా మెదడులోని స్పర్శ కేంద్రానికి సంకేతం పంపడం వీటి సూత్రం. ఆ కేంద్రం చెక్కుచెదరకుండా ఉంటేనే ఇది నడుస్తుంది. మెదడుపోటులో దెబ్బతిన్నది ఆ కేంద్రమే అయితే సంకేతం అందుకునేవారు ఉండరు. పోటు వచ్చిన తండ్రి కోసం ఈ వార్తను దాచుకున్న కుటుంబం ముందుగా తెలుసుకోవలసిన తేడా ఇది.

స్పర్శ లేని బలం

మైలాపూరులో కపాలీశ్వరుడి గుడి చుట్టూ పూలు కట్టే ఆడవాళ్లు తమ చేతులవైపు చూడరు. చూపు వీధి మీద, మాట బేరం మీద ఉంటుంది. రెండు మొగ్గలు ఇటు, రెండు అటు పెట్టి, దారం మెలిపెట్టి ముడి లాగడం వేళ్లే చూసుకుంటాయి. ముడి వదులైతే పువ్వు జారుతుంది, ఎక్కువ బిగిస్తే కాడ తెగుతుంది. ఆ రెంటి మధ్య ఉన్న వెంట్రుకవాసి తేడా కంటికి అందేది కాదు.

మనిషి అరచేయి, వేళ్ల లోపలివైపు చర్మం నుంచి సుమారు 17,000 స్పర్శ నాడీ తంతువులు బయలుదేరుతాయి. అవి నాలుగు రకాలు. కొన్ని చర్మం నొక్కుకున్నంతసేపూ పలుకుతూనే ఉంటాయి. కొన్ని తాకిన క్షణంలో, వదిలిన క్షణంలో మాత్రమే పలుకుతాయి. ఇంకొన్ని సన్నని ప్రకంపనను పట్టుకుంటాయి. మిగిలినవాటికి చర్మం సాగడం తెలుస్తుంది. స్వీడన్ పరిశోధకులు రోలాండ్ యోహాన్సన్, ఆయన సహచరులు 1980ల నుంచి చేసిన ప్రయోగాల్లో ఒక సంగతి స్పష్టంగా తేలింది. వస్తువును ఎత్తేటప్పుడు మనిషి పెట్టే బిగి, అది జారకుండా ఉండటానికి కావలసినదానికన్నా కాస్త మాత్రమే ఎక్కువ. కాఫీ గ్లాసు తడిగా ఉండి కొద్దిగా జారితే వేళ్లు సెకనులో పదో వంతు లోపే బిగి పెంచుతాయి. జారిందన్న సంగతి మనసుకు తట్టే లోపే పని అయిపోతుంది. వేలికొసలకు మత్తుమందు ఇచ్చి అగ్గిపుల్ల గీయమంటే, కండరాలన్నీ సవ్యంగా పనిచేస్తున్నా, కళ్లతో చూస్తున్నా, పుల్ల తీయడానికే తంటాలు పడతారు.

దీనికి చెన్నైకి దగ్గరలోనే పాత సాక్ష్యం ఒకటి ఉంది. కొల్లి కొండల్లో పుట్టి, 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ)లో చేరిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్, ఆ తర్వాత కొద్దికాలానికే చెంగల్పట్టులోని కుష్ఠు వైద్యశాలను చూడటానికి వెళ్లారు. వేళ్లు కొంకర్లు తిరిగిపోయిన ఒక రోగికి చేయి అందించి, వీలైనంత గట్టిగా నొక్కమన్నారు. ఆ చేతిలో బలం ఉండదనుకున్నారు. రోగి నొక్కేసరికి నొప్పికి తట్టుకోలేక వదలమని కేక పెట్టవలసి వచ్చింది. కండరం బలంగానే ఉంది. ఎంత గట్టిగా నొక్కుతున్నదీ చెప్పే స్పర్శ మాత్రం ఆ చేతికి లేదు. కుష్ఠు రోగుల వేళ్లు, పాదాలు అరిగిపోవడానికి కారణం మాంసం దానంతట అది కుళ్లిపోవడం కాదనీ, నొప్పి తెలియక పదేపదే తగిలించుకునే గాయాలనీ బ్రాండ్ తర్వాతి కాలంలో నిరూపించారు.

మెదడు ఆలోచనతో రోబో చేతిని కదిపే పరికరాలు 2012 నాటికే మంచి ఫలితాలు చూపించాయి. వాటికీ చెంగల్పట్టులో బ్రాండ్ కలిసిన రోగికీ ఉన్న కష్టం ఒకటే. బలం ఉంది, కదలిక ఉంది, చేతిలో ఏముందో తెలియదు. కాగితపు కప్పును పట్టుకోవాలంటే కళ్లు దాని మీదే నిలపాలి. కప్పు వెనకున్న వేలు తగిలిందో లేదో కంటికి కనిపించదు. పరిశోధకులు స్పర్శ వైపు తిరగడానికి జాలి కారణం కాదు. కదలిక పరిశోధన ముందుకు సాగకుండా ఆగింది ఇక్కడే.

నెత్తి మీది పటం

వేలికొస నుంచి బయలుదేరిన సంకేతం చేతి నాడి మీదుగా వెన్నుపాములో చేరి, అదే వైపున పైకి ఎక్కుతుంది. మెదడు కాండం దగ్గర రెండో వైపుకు దాటి, మెదడు నడుమ ఉండే థాలమస్‌లో మజిలీ చేసి, మెదడు పైపొరలో నడినెత్తి నుంచి చెవి వైపుకు దిగే ఒక మడతను చేరుతుంది. కుడి చేతి స్పర్శ ఎడమ మెదడుకు చేరడం ఈ దాటు వల్లనే. ఆ మడతకు సరిగ్గా ముందున్న మడత కదలికలది. రెండూ ఇరుగుపొరుగు ఇళ్లలా ఉంటాయి.

కెనడాలోని మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ 1930లలో మూర్ఛ రోగులకు మెలకువగా ఉండగానే శస్త్రచికిత్స చేస్తూ, మెదడు పైపొరను స్వల్ప విద్యుత్తుతో అక్కడక్కడ తాకించేవారు. ఒకచోట తాకిస్తే బొటనవేలు తిమ్మిరెక్కిందనేవారు, కాస్త పక్కన తాకిస్తే పెదవి అనేవారు. అలా 1937లో ఎడ్విన్ బోల్డ్రీతో కలిసి శరీరం మొత్తానికి ఒక పటం గీశారు. అందులో వీపుకు దక్కింది చిన్న ముక్క. చేతికి, పెదవులకు మాత్రం విశాలమైన స్థలం ఉంది. చర్మం విస్తీర్ణానికీ మెదడులో దాని వాటాకూ పొంతన ఉండదు.

స్పర్శ రావడం ఆగిపోయి ఏళ్లు గడిచాక ఆ పటంలో చేతి భాగం ఏమవుతుంది? చెన్నై స్టాన్లీ వైద్య కళాశాలలో చదివి అమెరికాలో స్థిరపడ్డ వి.ఎస్. రామచంద్రన్ 1990ల తొలినాళ్లలో చేసిన ప్రయోగాలు ఈ ప్రశ్నను జనంలోకి తెచ్చాయి. చేయి తొలగించిన కొందరి చెంపను తాకితే, లేని చేతి వేళ్లను కూడా తాకినట్టు తెలుస్తోందన్నారు. పటంలో ముఖం, చెయ్యి పక్కపక్కనే ఉంటాయి కాబట్టి, ఖాళీ అయిన చేతి జాగాను ముఖం ఆక్రమించుకుందన్న వివరణ చాలాకాలం నిలిచింది. అదే పూర్తిగా నిజమైతే, ప్రమాదం జరిగి పదేళ్లు దాటినవారి మెదడులో చేతి భాగాన్ని తాకించినా చెయ్యి అనిపించకూడదు.

అనిపించింది. ఇంప్లాంట్ ప్రయోగాలు మెదడు శాస్త్రానికి తిరిగిచ్చిన బాకీ ఇది. 2025లో నేచర్ న్యూరోసైన్స్‌లో వచ్చిన ఒక అధ్యయనం మరో వైపు నుంచి దీన్ని బలపరిచింది. చేయి తొలగించక ముందు నుంచి, తొలగించిన తర్వాత కొన్నేళ్ల దాకా ముగ్గురిని స్కాన్ చేస్తూ వస్తే, చేతి పటం దాదాపుగా చెక్కుచెదరకుండా ఉంది. అద్దెకున్నవారు ఖాళీ చేసి వెళ్లినా గోడ మీద పేరుపలక అలాగే ఉన్నట్టన్నమాట.

ఈ స్థిరత్వం వల్ల రోగికి ఒక మేలు ఉంది. గాయమై ఎన్నేళ్లయిందన్నది మాత్రమే చూసి ఆశ వదులుకోనక్కరలేదు.

రోబో వేలు తగిలితే తన వేలు అనిపించడం

అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో 2015లో శస్త్రచికిత్స చేయించుకున్న నేథన్ కోప్‌లాండ్ పేరు ఈ రంగంలో తరచూ వినిపిస్తుంది. 2004లో కారు ప్రమాదంలో మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది. పదేళ్లు దాటాక ఆయన మెదడులో నాలుగు చిన్న పలకలు అమర్చారు. రెండు కదలిక మడతలో, రెండు స్పర్శ మడతలో. ఇవి యూటా విశ్వవిద్యాలయంలో పుట్టిన రకం పలకలు. ఒక్కోటి మిరియపు గింజ వెడల్పుకు మించదు. దాని నిండా దువ్వెన పళ్లలా మిల్లీమీటరు, ఒకటిన్నర మిల్లీమీటరు పొడవున్న సూదులుంటాయి. కోప్‌లాండ్ స్పర్శ పలకల్లో ఒక్కోదానికి 32 ఎలక్ట్రోడ్లున్నాయి.

ఒక ఎలక్ట్రోడ్ ద్వారా పంపే కరెంటు వంద మైక్రోఆంపియర్లకు మించదు. ఆంపియరులో పదివేలవ వంతు. అది కూడా చిన్న చిన్న జంట స్పందనలుగా పంపుతారు. ముందు ఒక దిశలో, వెంటనే అంతే మోతాదు రెండో దిశలో. విద్యుదావేశం ఒకవైపే పేరుకుంటే కణాలు, లోహం రెండూ పాడవుతాయి కాబట్టి ఈ జాగ్రత్త తప్పదు.

రోబో చేతి వేళ్లలోని సెన్సర్లు ఒత్తిడిని కొలుస్తాయి. ఏ వేలికి ఒత్తిడి తగిలితే, ఆ వేలి అనుభూతి ఇచ్చే ఎలక్ట్రోడ్‌కు దానికి తగిన కరెంటు వెళుతుంది. 2016లో ప్రచురించిన ఫలితాల్లో, కళ్లకు గంతలు కట్టినా, రోబో చేతిలో ఏ వేలిని తాకారో కోప్‌లాండ్ ఎక్కువసార్లు సరిగ్గా చెప్పగలిగారు. ఆ ఏడాది అక్టోబరులో అప్పటి అధ్యక్షుడు ఒబామా ఆ రోబో పిడికిలికి తన పిడికిలి ఆనించిన ఫొటో ప్రపంచమంతా తిరిగింది.

ఫొటోకన్నా గట్టి రుజువు 2021లో సైన్స్ పత్రికలో వచ్చింది. వస్తువులను ఎత్తి మరోచోట పెట్టే పరీక్షలో, చూపు మీదే ఆధారపడినప్పుడు ఒక్కో ప్రయత్నానికి పట్టిన మధ్యస్థ సమయం 20.9 సెకన్లు. స్పర్శను జోడించాక 10.2 సెకన్లు. చేతిని వస్తువు దాకా తీసుకెళ్లడంలో పెద్ద తేడా లేదు. మిగిలిన సమయమంతా వస్తువు దగ్గరికి చేరాక, పట్టు చిక్కిందో లేదో తేల్చుకోలేక తడుముకునే ఘట్టంలోనిదే. పూలు కట్టే వేళ్లకు ఉన్నదీ, చెంగల్పట్టు రోగి చేతికి లేనిదీ ఈ పది సెకన్లలో కనిపిస్తుంది.

ఇంతకీ ఆ సమయంలో కోప్‌లాండ్ సొంత చేయి కుర్చీ మీదే ఉంది. దాన్ని ఎవరైనా గిల్లితే ఈ పరికరం ద్వారా తెలిసేది ఏమీ లేదు. తాకిడిని పసిగట్టేది రోబో వేలు, అనిపించేది తన వేలి మీద. ‘స్పర్శ తిరిగొచ్చింది’ అనే శీర్షిక ఎక్కువగా కప్పిపుచ్చేది ఈ తేడానే.

తిమ్మిరికీ తాకిడికీ మధ్య

కలిగే అనుభూతి ఎలా ఉంటుందని అడిగితే వచ్చే జవాబులు రకరకాలు. కొన్ని ఎలక్ట్రోడ్లు ఒత్తిడిని గుర్తుకుతెస్తాయి. కొన్ని తిమ్మిరిని, కొన్ని జివ్వుమనడాన్ని, కొన్ని వెచ్చదనాన్ని. దూదితో నిమిరినట్టుందని ఖాయంగా చెప్పగలిగే అనుభూతి అరుదు.

కారణం మెదడు కణాల పద్ధతిలో ఉంది. సహజంగా తాకినప్పుడు వేలాది కణాలు ఒక్కొక్కటి తన వేళకు తాను పలుకుతాయి. ఎలక్ట్రోడ్ నుంచి వచ్చే కరెంటు చుట్టూ ఉన్న కణాలన్నిటినీ ఒకే క్షణంలో తట్టి లేపుతుంది. చెన్నై డిసెంబరు సంగీత సీజనులో ఏ సభలోనైనా వాద్యాలన్నీ ఒకే స్వరాన్ని ఒకేసారి గట్టిగా పలికిస్తే చప్పుడు వస్తుంది గాని రాగం రాదు.

దీన్ని సరిచేయడానికి రెండు దారులు పట్టారు. మొదటిది, సహజ స్పర్శ లయను అనుకరించడం. వస్తువు తగిలిన క్షణంలోనూ, వదిలిన క్షణంలోనూ మెదడు కణాలు జోరుగా పలుకుతాయి, మధ్యలో సన్నగిల్లుతాయి. కరెంటునూ అలాగే మొదట్లో, చివర్లో పెంచి, నడుమ తగ్గించి పంపుతారు. రెండోది, ఒకే జాగాకు చెందిన కొన్ని ఎలక్ట్రోడ్లను కలిపి వాడటం. షికాగో విశ్వవిద్యాలయం కేంద్రంగా జరిగిన పనిలో, వేలి మీద పక్కపక్క జాగాలకు చెందిన ఎలక్ట్రోడ్లను ఒకేసారి పలికిస్తే అంచు తగిలినట్టు, వరుసగా పలికిస్తే ఏదో చర్మం మీద జారుతున్నట్టు అనిపించింది. ఈ ఫలితాలు 2025 జనవరిలో సైన్స్‌లో వచ్చాయి. చేతిలో ఉన్నది డబ్బానా, గుండ్రటి సీసానా అన్నది తేల్చుకోవడానికి అంచు తెలియడం పెద్ద మెట్టే.

మిగిలిన దూరం మాత్రం చిన్నది కాదు. నేత చీర నునుపూ గోనె గరుకూ తెలియాలంటే, వేలు జారేటప్పుడు పుట్టే అతి సన్నని ప్రకంపనలు మెదడుకు చేరాలి. చర్మంలో తడికంటూ ప్రత్యేకమైన గ్రాహకమే లేదు. చల్లదనాన్నీ తాకిడినీ కలిపి మెదడే తడి అని లెక్క కడుతుంది. వేడి, నొప్పి వెన్నుపాములో ఎక్కే దారే వేరు. ఇవన్నీ కలిస్తే గాని తెలుగులో ఒక్క మాటతో చెప్పే ‘జిగట’ పుట్టదు. పైగా మెదడును నేరుగా తాకించినప్పుడు కలిగే అనుభూతి, సహజమైన తాకిడికన్నా కాస్త ఆలస్యంగా తెలుస్తున్నట్టు ప్రయోగాలు చూపించాయి. జారే గ్లాసు అంతసేపు ఆగదు.

సొంత చేతికి తిరిగి రావడం

రోబో చేయి లేకుండా తన చేతికే స్పర్శ తెప్పించే ప్రయత్నాలు తక్కువ. వాటిలో రెండు గమనించదగినవి.

న్యూయార్క్ దగ్గరి ఫైన్‌స్టైన్ వైద్య పరిశోధన సంస్థలో 2023 మార్చిలో, ఈత కొలనులో దూకి మెడ విరిగిన కీత్ థామస్‌కు 15 గంటల శస్త్రచికిత్సలో ఐదు చిప్‌లు అమర్చారు. ఇక్కడ సెన్సర్లు ఆయన సొంత వేళ్ల మీద ఉంటాయి. వాటి సంకేతం కంప్యూటర్ మీదుగా స్పర్శ మడతకు వెళుతుంది. కదలాలన్న ఆలోచన కంప్యూటర్ మీదుగా చేతి కండరాలకు, వెన్నుపాముకు వస్తుంది. తెగిన వంతెన పక్కన రెండు వైపులా తాత్కాలిక దారి వేసినట్టు. సోదరి చేయి పట్టుకుంటే తెలిసిందని ఆయన చెప్పిన మాట వార్తల్లో వచ్చింది. యంత్రం ఆపేసినా ముంజేతి దగ్గర కొంత స్పర్శ మిగిలిందని ఆ సంస్థ ప్రకటించింది. ఇది ఒక్క మనిషి అనుభవం. అందులో ఇంప్లాంట్ వాటా ఎంత, నెలల తరబడి చేసిన సాధన వాటా ఎంత అన్నది ఒక్కరితో తేలేది కాదు.

రెండోది ఒహాయో నుంచి వచ్చింది, 2020లో సెల్ పత్రికలో. ఇయాన్ బర్క్‌హార్ట్‌కు వెన్నుపాము పూర్తిగా దెబ్బతిందని వైద్య పరీక్షల లెక్క. చేతిని తాకితే ఆయనకు తెలియదు. మెదడుకు మాత్రం ఎంతో కొంత తెలుస్తోందని అందులోని చిప్ పట్టిచ్చింది. తెగిపోయిందనుకున్న తీగలో ఒకటి రెండు పోగులు మిగిలి, స్పృహ దాకా చేరనంత మంద్రంగా సంకేతం పంపుతున్నాయి. పరిశోధకులు ఆ మంద్ర సంకేతాన్నే చదివి, స్పర్శ మిగిలి ఉన్న పైచేతికి కట్టిన పట్టీని కంపించేలా చేశారు. దాంతో చేతిలో వస్తువు ఉందో లేదో చూడకుండానే తెలిసింది. దూదీ సూదీ పరీక్షలో ‘లేదు’ అన్న జవాబుకు అర్థం ‘స్పృహకు చేరడం లేదు’ అన్నంతవరకే అని దీనివల్ల తేలింది. వైద్యపరంగా చిప్‌కన్నా ఇదే పెద్ద వార్త. అది మన పత్రికల్లో పెద్దగా రాలేదు.

పట్టీ కంపిస్తే పని జరిగిపోతుంటే మెదడులో సూదులెందుకు అన్న ప్రశ్న సహజం. బ్రాండ్ జీవితంలోని రెండో ఘట్టం దీనికి కొంత జవాబు చెబుతుంది. అమెరికాలోని కార్విల్ కుష్ఠు వైద్యశాలకు వెళ్లాక ఆయన బృందం స్పర్శ లేని చేతులకు సెన్సర్లున్న తొడుగులు తయారు చేసింది. ఒత్తిడి ఎక్కువైతే మొదట చెవిలో మోత వినిపించేది. దాన్ని రోగులు పట్టించుకోకపోతే, స్పర్శ మిగిలిన చంక దగ్గర చిన్న షాక్ తగిలేలా మార్చారు. గట్టిగా బిగించాల్సిన పని వచ్చినప్పుడు రోగులు స్విచ్ కట్టేసి, పని అయ్యాక వేసుకునేవారు. చంకలో పుట్టిన నొప్పిని వారు తమ వేలి నొప్పి అనుకోలేదు. ఏ అవయవానికి తగిలిందో అక్కడే అనిపించాలంటే, ఆ అవయవం పేరు రాసి ఉన్న మెదడు జాగాకే వెళ్లక తప్పదు.

చేయి తొలగించినవారి పరిస్థితి ఇంతకన్నా సులువు. వారికి భుజం దాకా నాడి బతికే ఉంటుంది, మెదడుతో సంబంధం తెగదు. ఆ నాడిలోనే ఎలక్ట్రోడ్ పెట్టి కృత్రిమ చేతికి స్పర్శ ఇచ్చిన ప్రయోగాలు 2014 నాటికే ఐరోపా, అమెరికాల్లో జరిగాయి. పుర్రె తెరవాల్సిన అవసరం రాలేదు. వెన్నుపాము మెడ దగ్గర తెగినవారికి ఆ నాడి అంతా తెగిన చోటుకు దిగువనే ఉండిపోతుంది.

సూదులు ఎంతకాలం నిలుస్తాయి?

మెదడు మెత్తని జున్నులా ఉంటుంది, ఊపిరితో పాటు కదులుతుంది. అందులో గుచ్చిన గట్టి సూది చుట్టూ శరీరం మచ్చ కట్టుకుంటుంది. కదలిక సంకేతాలు చదివే ఎలక్ట్రోడ్లు ఏళ్లు గడిచేకొద్దీ మసకబారడానికి ఇదొక కారణం. కరెంటు పంపే ఎలక్ట్రోడ్లకు ఇరిడియం ఆక్సైడ్ పూత వేస్తారు. కోప్‌లాండ్ స్పర్శ పలకలు ఏళ్ల తరబడి పనిచేశాయి. మెదడు కణాలకు హాని జరుగుతుందన్న తొలినాటి భయం ఇంతవరకు నిజం కాలేదు.

మిగిలిన చిక్కులు మోటుగా ఉంటాయి. చాలా ప్రయోగాల్లో పుర్రె మీద బిగించిన లోహపు గుబ్బ చర్మం బయటికి ఉంటుంది. అక్కడి నుంచి తీగ కంప్యూటర్‌కు వెళుతుంది. చర్మం తెరుచుకున్న చోట ఇన్ఫెక్షన్ భయం తప్పదు. చెన్నై ఎండలో, చెమటలో, అది రోజూ శుభ్రం చేసుకోవలసిన పుండులాంటిదే. స్పర్శ కోసం పంపే కరెంటు పక్కింటి కదలిక ఎలక్ట్రోడ్ల చెవులు హోరెత్తిస్తుంది. అందుకే కరెంటు పంపే క్షణాల్లో చదవడం ఆపి, మళ్లీ మొదలుపెట్టే ఏర్పాటు చేస్తారు.

2024 జనవరిలో తొలి మనిషికి అమర్చిన, ఎలాన్ మస్క్ సంస్థ న్యూరాలింక్ పరికరానికి బయటికి తీగ లేదు. వెయ్యికి పైగా ఎలక్ట్రోడ్లున్నాయి. అయితే అది చేసింది ఆలోచనను చదివి కర్సర్‌ను కదపడం. స్పర్శ ఇవ్వడం కాదు. రక్తనాళం గుండా వెళ్లే, సింక్రాన్ అనే సంస్థ పరికరం కూడా చదివేదే. ‘బ్రెయిన్ చిప్’ అన్న ఒకే పేరుతో ఈ రెండింటినీ స్పర్శ ప్రయోగాలనూ ఒకే గాటన కట్టడం వల్ల వచ్చే గందరగోళం చాలా ఎక్కువ. స్పర్శ పలకలు అమర్చుకున్నవారు ప్రపంచం మొత్తమ్మీద కొద్దిమందే. దీర్ఘకాలం ఇంట్లో వాడుకోవడానికి అనుమతి పొంది అంగట్లో దొరుకుతున్న స్పర్శ పరికరం ఏదీ లేదు.

చెన్నైకి వస్తే

కె.కె. నగర్‌లోని ప్రభుత్వ పునరావాస వైద్య సంస్థ, వేలూరు సీఎంసీ పునరావాస విభాగం వెన్నుపాము రోగులకు నేర్పేది మిగిలిన కండరాలతో బతకడం. ప్రమాదంలో తనకే రెండు కాళ్లూ చచ్చుబడినా, చక్రాల కుర్చీలోంచే శస్త్రచికిత్సలు చేసిన డాక్టర్ మేరీ వర్గీస్ 1960లలో వేలూరులో ఆ విభాగానికి పునాది వేశారు. ఐఐటీ మద్రాసులోని పునరావాస పరికరాల కేంద్రం చక్రాల కుర్చీల మీద, కృత్రిమ మోకాలి మీద పనిచేస్తోంది. అక్కడే స్పర్శను యంత్రాల ద్వారా అందించే హాప్టిక్స్ పరిశోధన కూడా ఉంది. వీటిలో ఏదీ మెదడులో స్పర్శ పలకలు అమర్చే పని కాదు.

మన దేశంలో ఇలాంటి పరికరాన్ని మనిషి మీద పరీక్షించాలంటే 2017 నాటి వైద్య పరికరాల నిబంధనల కింద కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి, నైతిక కమిటీ ఆమోదం, దేశంలోని వైద్య ప్రయోగాల అధికారిక జాబితా అయిన సీటీఆర్‌ఐలో నమోదు ఉండాలి. ఆ జాబితాను ఎవరైనా ఇంటర్నెట్‌లో ఉచితంగా వెతికి చూడవచ్చు. పరిశోధన ఖర్చును పాల్గొనేవారి నుంచి వసూలు చేయకూడదన్నది భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. ‘ట్రయల్’ పేరు చెప్పి లక్షలు అడిగేవారి సంగతి దీన్నిబట్టే తెలిసిపోతుంది. వెన్నుపాము గాయానికి మూలకణాల సూదుల పేరిట ఇప్పటికే జరుగుతున్న వ్యాపారం చూస్తే, రేపు చిప్‌ల పేరిటా ఇదే జరగదన్న నమ్మకం లేదు.

పటంలో చిన్న ముక్క

ఇప్పటి పరిశోధన చాలావరకు చేతి చుట్టూ తిరుగుతోంది. మెదడులో చేతికి జాగా ఎక్కువ, పుర్రె తెరిస్తే చేరుకోవడం సులువు, ఫలితాన్ని సెకన్లలో కొలవవచ్చు. నడుము కింద స్పర్శ పోయినవారికి రోజూ ప్రమాదం వచ్చేది మాత్రం పిరుదుల దగ్గర, తోక ఎముక దగ్గర, మడమల దగ్గర. పెన్‌ఫీల్డ్ పటంలో వీటికి దక్కింది అతి చిన్న భాగం. కాలి భాగం అయితే మెదడు రెండు అర్ధగోళాల మధ్య సందులో లోపలికి దిగి ఉంటుంది.

మామూలు మనిషి గంటసేపు కూర్చుంటే తెలియకుండానే అనేకసార్లు కదులుతాడు. నొక్కుకున్న చోట చర్మం చెప్పే ఫిర్యాదుకు అది జవాబు. ఆ ఫిర్యాదు చేరనప్పుడు మనిషి కదలడు, రక్తం అందదు, చర్మం నల్లబడి పుండవుతుంది. పుండు ఎముక దాకా దిగితే నెలల తరబడి బోర్లా పడుకోవాలి. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకితే ప్రాణం పోవచ్చు. రోబో వేలు కప్పును పట్టుకోవడంలో పది సెకన్లు మిగిల్చే పలకకు ఈ పుండు గురించి తెలియదు.

అందుకే పునరావాస వార్డుల్లో నేర్పే లెక్క ఇంకా పాతదే. మంచంలో రెండు గంటలకోసారి పక్క మార్చడం. కుర్చీలో పావుగంటకో అరగంటకో చేతుల మీద లేవడం, లేదా ముందుకు, పక్కకు వంగడం. పడుకునే ముందు పిడి ఉన్న చేతి అద్దం కింద పట్టుకుని, వెలుతురులో తోక ఎముక దగ్గర, రెండు పిరుదుల దగ్గర, మడమల వెనక చర్మాన్ని చూసుకోవడం. ఎర్రగా గానీ, చామనఛాయ ఒంటి మీద చుట్టుపక్కలకన్నా నల్లగా గానీ మచ్చ కనిపించి, బరువు తీసేసిన అరగంట తర్వాత కూడా పోకపోతే, అది పోయేదాకా ఆ వైపు ఆనకుండా ఉండమని చెబుతారు.